మా కారు 3725 నంబరు ప్లేటును బురదలోంచి తీసి కడిగి ఇచ్చిన అక్కకు

ఈ నాలుగు మాటలు రాయడానికి ఇప్పటికి కుదిరింది. ఇంట్లో బురద వాసన ఇంకా పోలేదు. బ్లీచింగ్ పొడికి చేతులు పగిలిపోయాయి. రాసింది ముందువెనకలుగా ఉంటే మన్నించండి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్‌లోకి వచ్చింది. మాది పైపుల రోడ్డు దగ్గర ఒక సందు, కింది వాటా. అన్నయ్య, వదిన మమ్మల్ని తమ ఇంట్లో పెట్టుకున్నారు, తర్వాత వచ్చి ఇల్లంతా కడిగారు. వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ముక్కూ మొహం తెలియని ఒక మనిషి గురించి.

ముందు నంబరు సంగతి చెప్పాలి. నా కారు నంబరు 3725. కూడితే పదిహేడు, మళ్లీ కూడితే ఎనిమిది. ఎనిమిది శనిదంటూ మనవాళ్లలో చాలామంది ముట్టుకోరు. మా నాన్న కొన్న మొదటి సొంత ఆటోది అదే నంబరు, ఏపీ 16 సిరీస్. అంతకుముందు ఆయన అద్దె ఆటో నడిపేవారు. సాయంత్రం ఓనరుకు కిరాయి కట్టగా మిగిలినదానితోనే ఇంటికి బియ్యం వచ్చేవి. ఎనిమిది వస్తుందని ఎవరూ కొనక ఆ బండి ధర దిగింది కాబట్టే నాన్న కొనగలిగారు. స్టేషన్‌కూ, బస్టాండ్‌కూ, బీసెంట్ రోడ్డుకూ దాని మీదే తిరిగి నన్ను ఇంజనీరింగ్ చదివించారు.

నాన్న పోయాక నేను కారు కొన్నాను. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చింది కనుక పాత జిల్లా కోడ్ ఎలాగూ రాదు, ఆ నాలుగు అంకెలైనా కావాలనుకున్నాను. కోరుకున్న నంబరు అనగానే 9999 కోసం లక్షలు పోసేవాళ్లే గుర్తొస్తారు. దీనికి పోటీకి వచ్చినవారే లేరు. సిరీస్ అక్కడిదాకా వచ్చేవరకు ఆగి, రుసుము కట్టి తీసుకున్నాను. షోరూంలో అబ్బాయి మాత్రం "మేడం, ఎనిమిది వస్తోంది, ఇంకోసారి ఆలోచించండి" అని పాపం మంచికే చెప్పాడు. మన దేశంలో నంబరు ప్లేటు మీద పేరు రాసుకోనివ్వరు. నాన్నను నా బండి మీద పెట్టుకోవడానికి నాకున్న చోటు ఆ నాలుగు అంకెలే.

నీళ్లలో కారు తేలి ప్రహరీకి కొట్టుకుంది. నీళ్లు తీశాక చూస్తే గేటుకు అడ్డంగా పడి ఉంది. ముందు బంపరు లేదు, దానితోపాటే ప్లేటూ లేదు. బీమా కంపెనీ వాళ్లు ముందువైపు నంబరు కనిపించేలా ఫోటో పంపమన్నారు. ప్లేటే లేదయ్యా అంటే పోలీసు ఫిర్యాదు కాగితం పెట్టమన్నారు. ఇది హై సెక్యూరిటీ ప్లేటు, అశోకచక్రం హోలోగ్రాము, లేజరుతో చెక్కిన నంబరు ఉంటాయి, వీధి చివర స్టిక్కర్ల కొట్టులో చేయించుకునేది కాదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. దానికి ఓటీపీ రావాలి. ఫోను నీళ్లలో పోయింది. మునిగిన ఊళ్లో మనుషుల దగ్గర ఏం మిగిలి ఉంటాయో ఈ నిబంధనలు రాసేవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా?

ఆ రోజు మధ్యాహ్నం ఒకావిడ గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఈ బోర్డు మీ బండిదేనా?" అని అడిగారు. బురద ఎత్తడానికి వేరే జిల్లాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికుల్లో ఆమె ఒకరు, శ్రీకాకుళం వైపు మనిషి. పక్క సందులో చెత్తకుప్ప ఎత్తుతుంటే పారకు తగిలిందట. ట్రాక్టరులో వేసేయమని పక్కనున్నవాళ్లు అన్నారట. ఎవరి కాగితాలకు అవసరమో అని పక్కన పెట్టి, పని అయ్యాక ఇంటింటికీ చూపిస్తూ వచ్చారు. వంగిన అంచును రాయితో కొట్టి సరిచేశారు. ప్లేటు మీద బురద లేదు. తనకు తాగడానికి ఇచ్చిన సీసాలో నీళ్లతో కడిగారు. ఆ రోజుల్లో మా సందులో నీళ్ల సీసా అంటే ఏమిటో అక్కడున్నవాళ్లకే తెలుసు.

ఆమె కూడా అంకెలు కూడి చూసుకున్నారు. "ఎనిమిది కదమ్మా, కావాలనే తీసుకున్నారా?" అన్నారు. తడి మెట్ల మీద కూర్చుని నాన్న ఆటో సంగతి మొత్తం చెప్పాను. వరద వచ్చినప్పటి నుంచి నేను ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. అంతా విని, "మీ నాయన మంచి బేరమే చేశాడు" అన్నారు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. సీసా నింపుకోవడానికి నీళ్లున్నాయా అని మాత్రం అడిగారు. మా ఇంట్లో లేవు.

మర్నాడు నీళ్ల డబ్బా పట్టుకుని వెతికాను. ఆ జట్టును వేరే డివిజన్‌కు పంపారన్నారు. ఆమె పేరు చెప్పారు కానీ ఇక్కడ రాయను. అక్కా, మీతో పనిచేసినవారెవరైనా ఇది చదివితే మీకు చెప్పాలి: ఫోటో పంపాను, కాగితం కదిలింది. కారు ఇక పనికిరాదని తేల్చారు. ప్లేటు నా దగ్గరే ఉంది.

ఒక మాట అనకుండా ఉండలేను. బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 2005లోనూ ముంచింది. అయినా శనివారం రాత్రి, బండ్లు ఎత్తు మీదికి తీసుకెళ్లండని మా సందులో చెప్పినవారు లేరు. వరద తర్వాత ప్రభుత్వం మునిగిన ఆటోకు పది వేలు ప్రకటించింది. వద్దనను. కానీ ఇంజను విప్పి కడిగించి మళ్లీ రోడ్డెక్కించేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? మా నాన్న ఉంటే అదే అడిగేవారు.

అయ్యో, ఇంకా ఉన్నారు. మొదటి రాత్రి మాకు చోటిచ్చిన పై వాటా పిన్నిగారు. ట్యూబు మీద పాల ప్యాకెట్లు తెచ్చిన కుర్రాళ్లు. గొట్టాలతో ఇల్లు కడిగిన అగ్నిమాపక సిబ్బంది. అందరికీ దండాలు. కారు లాగిన క్రేను అబ్బాయి డబ్బులు తర్వాత చూద్దామని వెళ్లిపోయాడు. తమ్ముడూ, నీ నంబరు రాసుకున్న చీటీ తడిసిపోయింది. ఇది చూస్తే ఒకసారి ఇంటికి రా, కనీసం డీజిలు ఖర్చు తీసుకోవాలి.