చట్టం రద్దయింది, అనుమానం రద్దు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

1871లో ఆంగ్ల ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించి, మన సీమలోని ఎరుకల వారి వంటి సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకొచ్చి ఊరూరా అమ్ముకున్న ఆ కుటుంబాల బేరాన్ని రైలుమార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టుకున్నవారినే పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలని, అనుమతి లేనిదే ఊరు దాటరాదని కట్టడి చేశారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయినా, దాని స్థానంలో, పదేపదే నేరం చేసేవారన్న పేరుతో నిఘా పెట్టే అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి.

అనంతపురంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను, మా పేటలో దొంగతనం జరిగిన ప్రతిసారీ బుట్టలల్లే ఎరుకల వారి ఇళ్ల ముందే జీపు ఆగడం చూశాను. తండ్రిని ఠాణాకు తీసుకెళ్లిన మరునాడు బడికి వచ్చి, ఎవరి ముఖమూ చూడలేక చివరి బెంచీలో తలవంచుకు కూర్చున్న నా విద్యార్థిని నేటికీ మరువలేను. (ఆ తండ్రి తప్పేమీ లేదని వారానికి తేలింది; పిల్లవాడు మాత్రం ఆ ఏడాదే చదువు మానేశాడు.)

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలనీ, విముక్త జాతుల (ఆ పాత చట్టం రద్దుతో నేరస్థ ముద్ర తొలగిన తెగల) వారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదనీ ఆదేశించింది. మన జిల్లాలో ఆ ఆదేశం ఎంతవరకు అమలైందో అధికారులు బహిరంగంగా తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం