తొట్టిలో దింపే ముందు

చిరంజీవి పెద్దబ్బాయికి నాన్న ఆశీర్వదించి రాయు ఉత్తరం.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి గాని, షెడ్డులో కంప్రెసర్ చప్పుడుకు సగం వినపడి సగం వినపడక ఏదైనా పొరపాటుగా అర్థం చేసుకుంటావేమోనని ఇలా కాగితం మీద పెడుతున్నాను. గుంటూరులో నువ్వు తెరవబోయే షెడ్డుకు ఒక సేల్స్‌మ్యాన్ వచ్చి, ఇంజన్ దగ్గర నుంచి బ్రేకుల దాకా అన్నీ ఈ ఒక్క కెమికల్‌తోనే కడగవచ్చని 200 లీటర్ల డ్రమ్ముకు ధర చెప్పాడన్నావు. ఆ డ్రమ్ము కొనవద్దు. పార్టు ఏ లోహంతో చేసినది, దానికి పట్టింది ఏ మురికి, కడిగి బిగించాక అది దేన్ని తాకుతూ పనిచేస్తుంది అనే మూడు సంగతులూ తెలియకుండా కెమికల్ ఎంచడమంటే రోగిని చూడకుండా మందు రాయడమే.

మొదటిదైన లోహం సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. నువ్వు పుట్టకముందు మన ఆటోనగర్ షెడ్డుకు ఎక్కువగా లారీ ఇంజన్లే వచ్చేవి, వాటి బ్లాకులూ, బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డులూ అన్నీ బీడువి, అంటే పోత ఇనుమువి. ఇనప తొట్టిలో నీళ్ళు వేడిచేసి, కాస్టిక్ సోడా కలిపి, బ్లాకును చెయిన్ బ్లాకుతో దింపి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి అంతా పెచ్చులు పెచ్చులుగా ఊడి అడుగుకు చేరేది. ఆ అలవాటు మీదే ఒకనాడు ఒక కారు హెడ్డును కూడా అదే తొట్టిలో దింపాను. అది అల్యూమినియంది. దింపిన క్షణాల్లోనే బుసబుసమని నురగ పొంగితే, జిడ్డు బాగా వదులుతోందని సంతోషించాను కూడా. పావుగంట తర్వాత పైకి తీస్తే హెడ్డు మసిబారినట్టు నల్లగా ఉంది. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ప్యాకింగ్ కూర్చునే ముఖం మీద వేలు పెట్టి రాస్తే నల్లటి పొడి అంటుకుంది. తుడిచి చూస్తే నున్నగా ఉండాల్సిన చోట గరుకుగా, చీమలు కొరికినట్టు సన్నటి గుంటలు పడి ఉన్నాయి. ఆ ముఖాన్ని మెషిన్ మీద చదును చేయించినా (ఫేసింగ్) ఆ హెడ్డు దక్కలేదు. బండి యజమానికి నా డబ్బుతో కొత్త హెడ్డు కొని బిగించి ఇచ్చాను.

కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించి తనలో కలిపేసుకుంటుంది, ఆ పొంగిన బుడగలు హైడ్రోజన్ వాయువని తర్వాత తెలిసింది. ఆ సమయంలో తొట్టి పక్కన ఎవరూ బీడీ వెలిగించకపోవడం మన అదృష్టం. ఇప్పుడు నీ దగ్గరకు వచ్చే కార్లలో హెడ్డులూ గేర్‌బాక్సు కవర్లూ పిస్టన్లూ రేడియేటర్లూ చాలావరకు అల్యూమినియంవే కాబట్టి, కాస్టిక్ తొట్టి బీడు పనికి మాత్రమే ఉండాలి. అల్యూమినియానికి వాడదగినదని స్పష్టంగా రాసి ఉన్న, నీటిలో కలిపే క్లీనరును విడిగా తెచ్చుకో. దాన్ని ఎంత నీటికి ఎంత కలపాలో, ఎంత వేడిలో వాడాలో డబ్బా మీద ఉన్నట్టే చెయ్యి. చిక్కగా కలిపితే తొందరగా వదులుతుందని కుర్రాళ్ళు అంటారు, వినవద్దు. పాత మోటారు సైకిళ్ళ కార్బురేటర్లలో కొన్ని జింకు మిశ్రమంతో పోసినవి ఉంటాయి. వాటిని కాస్టిక్ లాంటి ఘాటైన క్షారమూ తింటుంది, యాసిడ్డూ తింటుంది.

నీళ్ళతో కడిగిన ఇనుము గంట తిరక్కుండానే ఎర్రబడుతుంది. అందుకని బాగా జాడించి, గాలి కొట్టి ఆరబెట్టిన వెంటనే సన్నగా ఆయిల్ పట్టించాలి. బ్లాకులో ఆయిల్ దారుల ప్లగ్గులు తీసి లోపల బ్రష్షు ఆడించకపోతే, కెమికల్‌తో మెత్తబడిన మడ్డి అక్కడే నిలిచి, కొత్త బేరింగుల మీదకే పోతుంది.

ఇక కిరసనాయిలు. గేర్లకూ చెయిన్లకూ బేరింగులకూ పట్టిన గ్రీజును అది బాగా వదిలిస్తుంది. వెనక కాస్త జిడ్డు పొర మిగులుస్తుంది గనుక తుప్పు కూడా వెంటనే పట్టదు. అయితే దాని ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉండాలని మన దేశపు ప్రమాణం చెబుతోంది. మే నెలలో మన రేకుల షెడ్డు ఎంత కాగుతుందో నీకు తెలుసు కనుక, ఆ రోజుల్లో కిరసనాయిలు తొట్టిని కూడా నిప్పుకు దూరంగా ఉంచవలసిందే. పెట్రోలు సంగతైతే చెప్పనక్కరలేదు. సున్నా కంటే 40 డిగ్రీల కింద కూడా దాని ఆవిరి అంటుకోగలదు. గాలి కంటే బరువైన ఆ ఆవిరి నేల వెంట పాకి, పది అడుగుల అవతల ఉన్న వెల్డింగ్ నిప్పురవ్వను వెతుక్కుంటూ పోతుంది. పెట్రోలుతో పార్టులు కడగడం నీ షెడ్డులో మొదటి రోజు నుంచే ఉండకూడదు.

బ్రేకుల దగ్గర మాత్రం నా మాట అక్షరాలా పాటించు. మన వరసలోనే ఒక షెడ్డులో, వీల్ సిలిండరు విప్పిన కుర్రాడు రబ్బరు కప్పులను డీజిల్‌లో కడిగి తిరిగి బిగించాడు. మూడో రోజుకు ఆ బండి చక్రం పట్టేసి, డ్రమ్ము కాలి పొగలు కక్కుతూ వచ్చింది. విప్పితే కప్పులు ఉబ్బి, నానబెట్టిన శనగల్లా మెత్తగా అయిపోయి ఉన్నాయి. డాట్ 3, డాట్ 4 అనే రకాల బ్రేక్ ఆయిల్ కోసం చేసే రబ్బరుకు పెట్రోలు, డీజిల్, కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్ అన్నీ విషమే. ఆ రబ్బరు కప్పులను కొత్త బ్రేక్ ఆయిల్‌తో గాని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాని తప్ప కడగకూడదు. డిస్కులకూ డ్రమ్ములకూ ఏ జిడ్డూ మిగల్చని బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడు. క్లోరిన్ కలిసిన రకమైతే, అది తడిగా ఉండగా వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్‌జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. నువ్వు క్లోరిన్ లేని రకమే కొను. అది తేలిగ్గా మండుతుంది కాబట్టి నిప్పు దగ్గర జాగ్రత్త. బ్రేకు షూల మీది దుమ్మును గాలితో ఊదనివ్వకు, పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, తడిపి తుడవాలి.

కార్బురేటర్ క్లీనరు చాలా ఘాటైనది. రబ్బరునూ ప్లాస్టిక్‌నూ పెయింటునూ పాడు చేస్తుంది. ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సరు తీగకు దానికంటూ ఉన్న స్ప్రే తప్ప మరేదీ తగలనివ్వకు, గుడ్డతో అసలు ముట్టుకోవద్దు.

తుప్పుకు బాత్‌రూము యాసిడ్ వాడే అలవాటు ఆటోనగర్‌లో ఇంకా పోలేదు. అది తుప్పుతో పాటు ఇనుమునూ తింటుంది. గట్టిపరిచిన స్ప్రింగులూ హైటెన్షన్ బోల్టులూ అందులో మునిగితే హైడ్రోజన్ లోపలికి చేరి, పైకి ఏ గీతా కనపడకుండా పెళుసెక్కి, బిగించాక ఒకరోజు ఫట్టుమని విరుగుతాయి. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసిన రస్ట్ రిమూవర్ దానికన్నా మేలు, కాని అలాంటి స్ప్రింగులనూ బోల్టులనూ అందులోనూ ముంచవద్దు, మార్చేయి. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్‌నే పొయ్యాలి. యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపకూడదు.

నీ ఆరోగ్యం గురించి కూడా రాస్తున్నాను, మీ అమ్మ చెప్పమన్నదని కాదు. 1999, 2000 సంవత్సరాల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, హెక్సేన్ అనే ద్రావకం కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రేలను రోజూ వాడిన మెకానిక్‌లకు చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతిన్నాయని వైద్యులు నమోదు చేశారు. ఆ వాసనకు ముక్కు అలవాటు పడుతుంది గాని నరం అలవాటు పడదు. గాలి ఆడే చోటే స్ప్రే కొట్టు. నైట్రైల్ గ్లవుజులు ఆయిల్‌కు బాగా ఆగుతాయి, అసిటోన్‌కు ఎంతోసేపు ఆగవు. కళ్ళకు అద్దాలు లేకుండా కాస్టిక్ దగ్గరకు ఎవరినీ పోనివ్వకు.

ఆ సేల్స్‌మ్యాన్ మళ్ళీ వస్తే, తన కెమికల్ సేఫ్టీ డేటా షీటు ఇమ్మని అడుగు. పదహారు భాగాలుండే ఆ కాగితంలో మూడో భాగం అందులో ఏమున్నదో, తొమ్మిదో భాగం ఎంత వేడికి అంటుకుంటుందో, పదో భాగం దేనితో కలవకూడదో చెబుతాయి. ఇవ్వలేనన్నవాడి డ్రమ్మును షెడ్డు గడప దాటనివ్వవద్దు. ఇస్తే నాకు పంపు, ఇద్దరమూ ఫోనులో చదువుదాం.

ఆదివారం వచ్చే మినీ లారీలో మన పాత ఇనప తొట్టిని పంపుతున్నాను. దాని అంచు మీద ఎర్ర రంగుతో "బీడు మాత్రమే" అని రాయించాను. అల్యూమినియానికి వేరే తొట్టి నువ్వే చేయించుకో, కాస్టిక్ అంటిన పాతది దానికి వాడవద్దు.

ఇట్లు,
నాన్న