బోటు తనిఖీల్లో ఫ్యూయల్ పంపునూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజిన్ మొరాయించి బోటు కొట్టుకుపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ చర్చంతా లైఫ్ జాకెట్ల చుట్టూ, పరిమితికి మించి ఎక్కించుకున్న ప్రయాణికుల చుట్టూ తిరుగుతుంది. అవి అడగవలసిన ప్రశ్నలే, కాదనను. అయితే ఇంజిన్ అసలు ఎందుకు మొరాయించిందని ఆరా తీసేవారు అరుదు. బోటు వెనుక అంచుకు బయటివైపు బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కు పెట్రోలు సరిగా అందకపోవడం తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి. అందులోనూ ఫ్యూయల్ పంపు వల్ల వచ్చే ఇబ్బందులను చాలావరకు ముందే పసిగట్టవచ్చు. అందుకే ప్రయాణికులను ఎక్కించుకునే ప్రతి బోటుకూ ఈ పంపు సర్వీసింగ్ రికార్డు ఉండాలని, తనిఖీకి వచ్చే అధికారులు దాన్ని అడిగి చూడాలని కోరుతున్నాను.

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న ఇంజిన్లలో ఈ పంపు సాధారణంగా అరచేతిలో ఇమిడేంత చిన్నది. దాని లోపల డయాఫ్రమ్ అనే పలుచని పొర ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజిన్లలో క్రాంక్‌కేసు (పిస్టన్ కిందుండే గది) లోని ఒత్తిడి హెచ్చుతగ్గులు, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఎక్కువగా క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే ఇరుసు) ఆ పొరను ఆడిస్తే, పంపు ట్యాంకులోని పెట్రోలును లాగి కార్బురేటర్‌కు పంపుతుంది. ఇంజిన్ నడిచినంతసేపూ అలుపు లేకుండా ఆడే ఈ పొర కాలక్రమంలో బిగుసుకుపోతుంది, పగుళ్లిస్తుంది, చిల్లు పడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు భాగాలను మరింత త్వరగా దెబ్బతీస్తుంది, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బోటు పెద్దగా తిరగలేదు కదా, పంపు కొత్తదానిలాగే ఉంటుందని యజమానులు అనుకుంటారు గాని, తిప్పకుండా నిలిపి ఉంచిన ఇంజిన్‌లోనూ రబ్బరుకు వయసు మీద పడుతూనే ఉంటుంది.

ఈ పంపు చాలాసార్లు చెప్పే చెడిపోతుంది. నెమ్మదిగా నడిపినప్పుడు బాగానే ఉన్న ఇంజిన్, పూర్తి వేగంలో కాసేపటికే దమ్ము తగ్గి ఆగబోతుంది. ఆ సమయంలో ప్రైమర్ బల్బును (ట్యాంకు నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని) చేత్తో నొక్కగానే పుంజుకుందంటే పంపు చాలినంత పెట్రోలు అందించడం లేదని గాని, ట్యాంకు వైపు గొట్టంలో ఎక్కడో గాలి లాగుతోందని గాని అనుమానించాలి. అలా కాకుండా నడుస్తుండగానే బల్బు అణిగి చప్పబడిపోతే లోపం బల్బుకు ముందున్నట్టు లెక్క: ట్యాంకు మూత మీది గాలిరంధ్రం తెరవడం మరచి ఉండవచ్చు, గొట్టం మడతపడి ఉండవచ్చు. ఈ తేడా తెలియక మంచి పంపును విప్పి పారేసేవారూ లేకపోలేదు. క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే పంపులో డయాఫ్రమ్ చిల్లు పడితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన వస్తుంది. ఆయిల్ తగ్గలేదని సంబరపడవలసిన సందర్భం కాదది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజిన్లకైతే ముప్పు ఇంకా పెద్దది, ఎందుకంటే పెట్రోలు తగ్గితే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ కాలిపోయే ప్రమాదం ఉంది.

చాలా పంపులకు డయాఫ్రమ్, వాల్వులు, గ్యాస్కెట్లు కలిపి కిట్‌గా దొరుకుతాయి. విప్పిన పొరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చిల్లు కూడా కనిపిస్తుంది. చిల్లు లేకపోయినా వేలితో వంచినప్పుడు బిరుసుగా ఉంటే మార్చేయడమే మేలు. తయారీదారులు సాధారణంగా 100 గంటలకు గాని, ఏడాదికి గాని, ఏది ముందైతే అప్పుడు సర్వీసింగ్ చేయించమంటారు. నీటిని వేరుచేసే ఫిల్టరును ఆ సమయంలోనే మార్చుకోవాలి. కార్బురేటర్‌కు బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ఇంజిన్లలో అధిక ఒత్తిడి పంపు చాలావరకు పెట్రోలులో మునిగి ఉండి ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది కాబట్టి ఫిల్టరు మూసుకుపోయినా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా అది వేడెక్కి పాడవుతుంది.

చవకగా వస్తుందని కారు పంపును బిగించడం తగదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక, చిన్న లీకు ఉన్నా ఆ ఆవిరి బోటు అడుగున పేరుకుని అంటుకునే ప్రమాదం ఉంది. పంపు బిగించాక బల్బు గట్టిపడేదాకా నొక్కి, ప్రతి అతుకునూ వేలితో తడిమి, తడి లేదని తేలాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

నేను అడిగే రికార్డుకు ఒక పేజీ చాలు: తేదీ, ఇంజిన్ నడిచిన గంటలు, మార్చిన భాగాలు, పని చేసినవారి సంతకం. అయితే కాగితంతోనే సరిపెట్టుకోకూడదు. రేవులో కట్టేసిన బోటు ఇంజిన్‌ను రెండు నిమిషాలు ఐడిల్‌లో నడిపి చూస్తే బలహీనపడిన పంపు కూడా నెగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు ఇంజిన్‌కు కావలసిన పెట్రోలు చాలా తక్కువ. అనుమతి ఇచ్చే ముందు, ప్రయాణికులు లేకుండా, వారి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి, నీటిమీద కనీసం పది నిమిషాలు పూర్తి వేగంతో నడిపించి చూడాలని సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు