నీ 911 గురించి కొంచెం వివరంగా

ఒరేయ్ శ్రీనూ,

2004 పోర్షే 911 కరెరా కొన్నావని, అదీ మాన్యువల్ గేర్లదని చదివి ఎంత సంతోషం వేసిందో! న్యూజెర్సీ చలి మొదలవకముందే దాన్ని ఎలా చూసుకోవాలని అడగడం ఇంకా మంచిదైంది. నీ తరం 911ని 996 అంటారు, దాని ఇంజన్‌కి ఒక పెద్ద బలహీనత ఉంది. అది తెలిసి చూసుకున్నవాడి దగ్గర బండి హాయిగా తిరుగుతుంది. అందుకే ముందు ఆ సంగతే రాస్తున్నా.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు తిరిగితే దాని చైన్ ముందు ఒక మధ్య షాఫ్టుని తిప్పుతుంది, అక్కణ్ణుంచి వేరే చైన్లు వాల్వులు తెరిచే క్యామ్‌లను తిప్పుతాయి. ఆ మధ్య షాఫ్టునే (ఇంటర్మీడియట్ షాఫ్ట్) అందరూ ఐఎంఎస్ అంటారు. ఫ్లైవీల్ వైపు, అంటే గేర్‌బాక్స్ ఉండే వైపు, దాన్ని మోసేది సీలు వేసిన బాల్ బేరింగ్. నీ బండిలో ఒకే వరస గుండ్లు ఉంటాయి. ఏళ్ళు గడిచి సీలు గట్టిపడితే ఇంజన్ ఆయిల్ లోపలికి దిగి గ్రీజుని కడిగేస్తుంది. దిగిన ఆయిల్ బయటికి రాదు, అక్కడే మురుగుతుంది. గుండ్ల మీద గుంటలు పడి, షాఫ్టు ఊగి, చైన్ పళ్ళు దాటితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ తర్వాత బాగుచెయ్యడానికి ఇంజన్ మిగలదురా. (టర్బో, జీటీ3 బళ్ళది వేరే ఇంజన్, వాటికి ఈ బెడద లేదు.)

దీనికి నీ చేతిలో ఉన్న పరీక్ష ఆయిల్ ఫిల్టర్. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కోసి చూడు. పైన కింద చుట్టూ కోసి, కాగితం మడతలు విప్పి, పేపర్ టవల్ మధ్య నొక్కి ఆయిల్ పిండేసి, ఎండలో పెట్టి చూడు. అయస్కాంతానికి అంటుకునే మెరుపు పొడి కనిపిస్తే బండి స్టార్ట్ చెయ్యొద్దు, టో చేయించు. అంటుకోని మెరుపైతే అల్యూమినియం, దాని సంగతి కింద రాస్తా. గట్టి ప్లాస్టిక్ పలుకులు చైన్ గైడ్లవి. ఒకటీ అరా ఉంటే భయం లేదు, ప్రతిసారీ పెరుగుతుంటే చూపించాలి.

ఆయిల్ 5,000 మైళ్లకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు మార్చెయ్. కంపెనీ పుస్తకంలో రాసిన గడువు నా లెక్కలో మరీ ఎక్కువ. డబ్బా మీద పోర్షే ఏ40 ఆమోదం ఉన్న 0డబ్ల్యూ-40 తీసుకో. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే వదులు. డ్రెయిన్ ప్లగ్‌కి ప్రతిసారీ కొత్త వాషర్ వేసి 50 న్యూటన్ మీటర్లకి బిగించు, ఫిల్టర్ కప్పుకి 25 చాలు. అది ప్లాస్టిక్, బలం చూపిస్తే పగులుతుంది. ముందు ఏడున్నర లీటర్లు పోసి, ఇంజన్ వేడెక్కాక లెవెల్ చూసి, కొంచెం కొంచెంగా కలుపు. నిండుగా పొయ్యాలని చూడకు. లెవెల్ ఎక్కువైతే ఇంజన్ లోపలి గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ మీద భారం పడుతుంది.

ఆ సెపరేటర్ పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తియ్యి. మూత రానంతగా లోపలికి లాగుతుంటే లోపలి డయాఫ్రం చిరిగినట్టే. వీధంతా కమ్మేసే తెల్ల పొగ కూడా దీని పనే. పొద్దున స్టార్ట్ చెయ్యగానే రెండు క్షణాలు పొగ వస్తే మాత్రం కంగారుపడకు. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్ కదా, నిలిచిన ఆయిల్ కాలుతుందంతే.

ఆ ఐఎంఎస్ బేరింగ్ ఎప్పుడు మార్చాలంటావా? క్లచ్ మార్చినప్పుడు. గేర్‌బాక్స్ దించందే అది కనపడదు. మార్చిన కాగితం పాత ఓనర్ దగ్గర లేకపోతే క్లచ్ అరిగేదాకా ఆగొద్దని నా మాట. దించాక క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక క్రాంక్ సీలు అన్నీ ఒకే దెబ్బకి మార్పించు. ఆ సీలు 13 మిల్లీమీటర్ల లోతుకి కూర్చోవాలి, దానికి వేరే టూల్ ఉంటుంది. సుత్తితో కొట్టి దించేవాడికి బండి ఇవ్వకు. ఫ్లైవీల్ బోల్టులు సాగేవి, పాతవి మళ్ళీ వాడకూడదు. బేరింగ్ కప్పు విప్పేముందు క్రాంక్‌నీ క్యామ్‌లనీ లాక్ చెయ్యాలి, లేకపోతే టైమింగ్ తప్పుతుంది. ఇంకొకటి: ఫిల్టర్‌లో అప్పటికే ఇనుప పొడి ఉంటే కొత్త బేరింగ్ వేసి లాభం లేదు. ఆ పొడి ఇంజనంతా తిరిగి ఉంటుంది, విప్పి కడగాల్సిందే.

ఇక అల్యూమినియం సంగతి. ఈ 3.6 లీటర్ల ఇంజన్లలో సిలిండర్ గోడలు గీసుకుపోవడం ఉంది, ముఖ్యంగా 4, 5, 6 సిలిండర్ల వైపు. ఆయిల్ తాగడం, వేడెక్కాక కూడా టక్‌టక్ చప్పుడు, సైలెన్సర్ గొట్టాల్లో ఒకదానికే ఎక్కువ మసి. ఈ మూడూ కలిస్తే బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) పెట్టించి చూడు. రాకుండా ఉండాలంటే చలిలో స్టార్ట్ చేసి ఊరికే నిలబెట్టకు. అర నిమిషం ఆగి మెల్లగా బయల్దేరు, ఇంజన్ బాగా వేడెక్కేదాకా 4,000 ఆర్‌పీఎం దాటనివ్వకు.

కూలింగ్ గురించి క్లుప్తంగా. రేడియేటర్లు ముందు బంపర్ వెనకాల, ఏసీ కండెన్సర్లని ఆనుకుని ఉంటాయి. ఆ సందులో ఆకులు కుక్కుకుని తడికి కుళ్ళి అల్యూమినియంని తినేస్తాయి. శరదృతువు అయ్యాక ఏటా బంపర్ తీసి శుభ్రం చెయ్యి. వాటర్ పంప్ పుల్లీ చేత్తో ఊపితే ఆడుతున్నా, కింద మరక కనపడ్డా వెంటనే మార్చు. లోపలి రెక్కలు విరిగితే ముక్కలు నీళ్ళ దారుల్లో ఇరుక్కుంటాయి. కూలెంట్ నింపేటప్పుడు వాక్యూమ్ పద్ధతిలోనే నింపించు, గాలి బుడగ మిగిలితే ఒక మూల ఉడికిపోతుంది. ట్యాంకు మూత మీద పార్ట్ నంబర్ చివర 04 ఉందా చూడు. పాతదైతే మార్చెయ్, చాలా చవక.

18 అంగుళాల చక్రాలైతే గాలి ముందు 36, వెనక 44 పీఎస్ఐ, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. వీల్ బోల్టులు 130 న్యూటన్ మీటర్లు. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి. వాన పడ్డ రోజునే ఇంజన్ తడబడుతోందంటే ముందు ఇగ్నిషన్ కాయిల్స్ చూడు, వాటి ప్లాస్టిక్ చీలి తడి దిగుతుంది.

చలికాలం షెడ్డులో పెట్టే ముందు కొత్త ఆయిల్ పోసి పెట్టు, పాత ఆయిల్లోని ఆమ్లం, తేమ నెలల తరబడి బేరింగ్ మీద ఉండకూడదు. బ్యాటరీకి మెయింటెయినర్ (చార్జ్ తగ్గకుండా చూసే చార్జర్) తగిలించు. బ్యాటరీ చచ్చిపోతే ముందు వైపు డిక్కీ కూడా తెరుచుకోదు, ఎందుకంటే దాని లాక్ కరెంటుదే, బ్యాటరీ ఉండేదీ లోపలే. అప్పుడు డ్రైవర్ కాళ్ళ దగ్గరి ఫ్యూజు పెట్టెలోంచి ప్లస్ టెర్మినల్ బయటికి లాగి, బయటి బ్యాటరీ ప్లస్ దానికీ, మైనస్ తలుపు గడియ ఇనుముకీ ఇచ్చి తాళం చెవి బటన్ నొక్కు.

ఈ శనివారమే ఆయిల్ మార్చి ఫిల్టర్ కొయ్యి. మడతలు బాగా విప్పి, దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపు. చూసి చెబుతా.

నీ
రఘు