విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కార్గిల్ విజయ దివస్ అంటే మన బళ్లలో ఒక దండ, రెండు నినాదాలు, ఒక డాన్సు. ఈ జూలై 26న కార్గిల్ యుద్ధంలో పోరాడిన లెఫ్టినెంట్ మనోజ్ కుమార్ పాండే పరమవీర చక్ర (యుద్ధంలో సాహసానికి దేశంలో అత్యున్నత పురస్కారం) ప్రశంసాపత్రాన్ని తెలుగులో చదివించండి.

1999 జూలై 2 రాత్రి. బటాలిక్ సెక్టార్‌లో 11 గూర్ఖా రైఫిల్స్ మొదటి బెటాలియన్ ఖాలుబార్ శిఖరం వైపు ఎక్కుతోంది. చుట్టూ ఎత్తుల మీంచి కాల్పులు. తెల్లారితే బెటాలియన్ మొత్తం శత్రువు కంటపడుతుంది. చీకట్లోనే బంకర్లు తుడిచెయ్యాలి. ఆ పని పాండే ప్లటూన్‌ది. మొదటి బంకర్లో ఇద్దరు, రెండోదాంట్లో ఇద్దరు ఈయన చేతిలో హతమయ్యారు. మూడోదాని దగ్గర భుజానికి, కాళ్లకు గాయాలు. అయినా ముందుండే నడిపాడు. నాలుగోదాన్ని గ్రెనేడ్‌తో పేల్చేవేళకి నుదుటికి తూటాలు తగిలి అమరుడయ్యాడు. వయసు 24.

ఆయన చదివింది లక్నో సైనిక్ స్కూల్లో. మనకీ కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. కానీ అక్కడ సీటు రాని పిల్లలకీ, ఆర్మీ సెలక్షన్ల కోసం చీకటితోనే రోడ్ల మీద పరుగులు తీసే మన కుర్రాళ్లకీ కూడా ఈ సంగతి చేరాలి. ఊళ్లో ఉన్న మాజీ సైనికుల చేత చదివిస్తే మరీ మేలు. ఆ పూట అధికారుల ఉపన్యాసాలు (తమరిదీ, ఏమనుకోకండి) కాస్త తగ్గించండి.

ఇట్లు,
విజయనగరం వాసి