డబ్బు లెక్కల స్క్రిప్టు తప్పు దగ్గర ఆగాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

కమాండ్ లైన్ చిట్కాలు రాసేవాళ్లు పని ఎంత త్వరగా అయిపోతుందో చెబుతారు గానీ, మధ్యలో ఫెయిలైతే ఏమవుతుందో చెప్పరు. డబ్బు లెక్కల డేటాకి అసలు కావాల్సింది అదే. బాష్ (టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్టులో, అంటే కమాండ్లు వరుసగా రాసిపెట్టిన ఫైల్లో, ఒక కమాండ్ ఫెయిలైనా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, అది పట్టించుకోకుండా తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. లావాదేవీల ఫైలు సరిగా డౌన్‌లోడ్ కాక ఖాళీగా వచ్చిందనుకోండి, పాత డేటా చెరిపేసి, ఆ ఖాళీ ఫైలునే లోడ్ చేసి, చివర్లో 'పూర్తయింది' అని చూపిస్తుంది. ఆ మాట నమ్మి రిపోర్టు పంపేస్తే ఎంత టెన్షనో అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకే స్క్రిప్టు మొదట్లోనే 'సెట్ మైనస్ ఈయూఓ పైప్‌ఫెయిల్' (set -euo pipefail) లైను పెట్టండి, కమాండ్ ఫెయిలైతే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. పైపుతో కలిపిన (ఒకదాని ఫలితం తర్వాతిదానికి అందేలా రాసిన) కమాండ్లలో బాష్ మామూలుగా చివరిదాని ఫలితమే చూస్తుంది, ముందున్నది ఫెయిలైనా సరే అంతా బాగున్నట్టే లెక్క, పైప్‌ఫెయిల్ ఉంటే అది కుదరదు. అయినా భారమంతా దానిమీదే వేయకండి, ఇఫ్ షరతులో నడిచే కమాండ్ ఫెయిలైతే స్క్రిప్టు ఆగదు. లోడ్ చేసేముందు మూలం ఫైల్లో వరుసలెన్ని, డెబిట్లు ఎంత, క్రెడిట్లు ఎంత అని లెక్కపెట్టండి, లోడయ్యాక డేటాబేస్‌లో మళ్లీ లెక్కపెట్టండి, రవ్వంత తేడా వచ్చినా రోల్‌బ్యాక్ చేసి, అంటే చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుని, ఆగిపోవాలి. చెరపడం, లోడ్ చేయడం, సరిచూడటం మూడూ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవ్వాలి, లేదంటే ఏదీ కాకూడదు అనే పనుల కట్ట) ఉంటేనే ఇది సాధ్యం.

ఆ మొత్తాలు ఆక్‌తో (awk, ఫైలును వరుసవరుసగా చదివి కాలమ్‌లు విడగొట్టే కమాండ్) కూడేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. ఆక్ దశాంశాలను ఫ్లోటింగ్ పాయింట్‌లో, అంటే బైనరీలో ఉజ్జాయింపు విలువలుగా, దాస్తుంది, అందులో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. ఇంకొకటి, కామాతో విడగొట్టమంటే కోట్స్ లోపలున్న కామా దగ్గర కూడా విడగొట్టేస్తుంది, అప్పుడు కాలమ్‌లు జరిగిపోయి, మొత్తం ఉండాల్సిన చోటికి వచ్చిన పేరు ముక్కనో, తేదీనో డబ్బుగా కూడుతూ కూర్చుంటుంది. పైథాన్ భాషలో సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన ఫైళ్లు చదవడానికి), డెసిమల్ (దశాంశాలను కచ్చితంగా కూడటానికి) మాడ్యూల్స్ ఈ రెండింటికీ సరిపోతాయి, నాలుగు లైన్లు ఎక్కువ రాయాల్సి వచ్చినా నేనైతే అదే వాడమంటాను. 'ఒకసారి చూద్దాం' అని ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ మాత్రం చేయకండి, ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో మిగతావి సున్నాలైపోతాయి.

చేత్తో నడిపితే నడిచి క్రాన్‌లో (చెప్పిన టైముకి స్క్రిప్టును తనే నడిపే ప్రోగ్రామ్) ఆగిపోయే స్క్రిప్టుకి చాలాసార్లు కారణం పాత్, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా, కమాండ్‌కి పూర్తి దారి రాస్తే సరిపోతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మాత్రం కమాండ్ లైనులోనే టైప్ చేసే అలవాటు ఈరోజే మానేయండి. అది టైప్ చేసిన కమాండ్లన్నీ దాచుకునే హిస్టరీ ఫైల్లో మిగిలిపోతుంది, అదే సర్వర్‌లో లాగిన్ అయిన ఇంకొకరు పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే కమాండ్) కొడితే వాళ్లకూ కనిపించొచ్చు. యజమాని ఒక్కరే చదవగలిగేలా 600 పర్మిషన్ ఇచ్చిన ఫైల్లో పెట్టి, స్క్రిప్టు అక్కడినుంచి చదువుకునేలా చేయండి.

— అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు