పెద్ద ఎస్‌యూవీ మైలేజీకి వేరే లెక్క కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పెద్ద ఎస్‌యూవీల ఇంధన ఖర్చు గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు చిన్న కార్లకు చెప్పే సలహాలనే మళ్లీ చెప్పి ఊరుకుంటున్నాయి. ఆ బండ్లు నడిపేవారిలో కూడా ఎక్కువమంది ‘పెద్ద బండి తాగక మానుతుందా, లీటరుకు ఒక కిలోమీటరు అటో ఇటో అయితే ఏమొచ్చింది’ అనే ధోరణిలోనే ఉంటారు. లెక్క వేసి చూస్తే, ఆ ఒక్క కిలోమీటరుకు అసలైన విలువ ఉన్నది పెద్ద బండిలోనే అని తేలుతుంది.

లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చే బండికి వెయ్యి కిలోమీటర్ల ప్రయాణానికి 125 లీటర్లు కావాలి. అదే బండి 9 కిలోమీటర్లు ఇస్తే 111 లీటర్లతో పని జరిగిపోతుంది కాబట్టి దాదాపు 14 లీటర్లు మిగులుతాయి. లీటరుకు 20 ఇచ్చే చిన్న కారును 22కు తెచ్చినా, అంటే రెండు కిలోమీటర్లు పెంచినా, అంతే దూరానికి మిగిలేది నాలుగున్నర లీటర్లే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడానికి అలవాటుపడిన మనకు ఈ తేడా కంటికి ఆనదు. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ భ్రమనే ఎత్తి చూపారు. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అనే పద్ధతిలోనే ఇంధన ఖర్చు చెబుతారు. అమెరికాలో కూడా 2013 మోడళ్ల నుంచి కొత్త కారు అద్దానికి అంటించే చీటీ మీద వంద మైళ్లకు ఎన్ని గాలన్లు అవుతాయో వేయడం తప్పనిసరి. మీ వాహనాల పేజీలో మైలేజీ అంకె పక్కన వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అనే అంకెను కూడా ప్రచురించాలని నా విన్నపం. దానికి పట్టేది ఒక్క భాగహారం మాత్రమే.

ఖర్చు తగ్గించే మార్గాల్లో నేను వేగానికే మొదటి స్థానం ఇస్తాను. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే అది 56 శాతం, 100 నుంచి 120కి వెళ్తే మరో 44 శాతం ఎక్కువవుతుంది. ఈ సూత్రం అన్ని బండ్లకూ ఒకటే అయినా, ఎత్తుగా, వెడల్పుగా, ముందు భాగం గోడలా నిలబడి ఉండే ఎస్‌యూవీ ఢీకొనే గాలి మామూలు కారు ఢీకొనేదానికంటే చాలా ఎక్కువ, ఆ గాలిని పక్కకు జారవిడిచే ఒంపు చాలా తక్కువ. అందుకే పెద్ద రోడ్డు మీద వేగాన్ని 120 నుంచి 100కు దించినప్పుడు చిన్న కారు కంటే ఈ బండికే ఎక్కువ లాభం. వంద కిలోమీటర్ల దూరానికి దీనివల్ల ఆలస్యమయ్యేది పది నిమిషాలు.

ఊళ్లలో నడిపేటప్పుడు గాలి కంటే బరువు ముఖ్యం. రెండున్నర టన్నుల బండిని నిలిచిన చోటి నుంచి గంటకు 60 కిలోమీటర్ల వేగానికి తీసుకురావడానికి దాదాపు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. పెట్రోలులోని శక్తిలో పావు వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందనుకుంటే, దీనికి 40 మిల్లీలీటర్ల పైచిలుకు పెట్రోలు ఖర్చవుతుంది. బ్రేకు తొక్కిన మరుక్షణం ఆ శక్తి అంతా వేడిగా మారి పోతుంది. అంటే అలా పాతికసార్లు వేగం అందుకుని, పాతికసార్లు ఆగితే ఒక లీటరు బ్రేకులకే సమర్పించినట్టు. దూరాన ఎర్ర దీపం కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, బండి తనంతట తాను నెమ్మదించేలా వదిలేవాడికి, దీపం దాకా దూసుకెళ్లి గట్టిగా బ్రేకు వేసేవాడికి ఖర్చులో తేడా వచ్చేది ఇక్కడే. బరువైన బండిలో ఈ ముందుచూపు ఫలితం ట్యాంకులో స్పష్టంగా కనబడుతుంది.

దిగుడు రోడ్లలో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే ఇంధనం ఆదా అవుతుందనే నమ్మకం ఇంకా పోలేదు. కార్బురేటర్ల కాలంలో దానికి ఏదో కొంత ఆధారం ఉండేదేమో గాని, కంప్యూటర్ కొలిచి ఇంధనం చిమ్మే నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో వ్యవహారం తలకిందులు. బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి కాబట్టి కంప్యూటర్ ఇంధన సరఫరాను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. ఆదా మాట అటుంచి, అంత బరువున్న బండికి ఇంజన్ పట్టు లేకుండా చేసి దిగుడులో బ్రేకుల మీదే ఆధారపడటం ప్రమాదకరం. బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

పైకప్పు మీది క్యారియర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడాదిలో ఏ ఒకటి రెండుసార్లో సామాను కట్టడానికి బిగించిన పెట్టె మిగిలిన రోజులన్నీ అలాగే ఉండిపోతుంది. అమెరికా ప్రభుత్వం వినియోగదారులకు ఇచ్చే సమాచారం ప్రకారం, పైకప్పు మీద పెద్ద పెట్టె ఉంటే ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, ఇంకా ఎక్కువ వేగంలో 25 శాతం వరకు మైలేజీ పడిపోతుంది. అదే పెట్టె బండి వెనక భాగాన ఉంటే ఈ నష్టం 5 శాతం దాటదు. దీనితో పోలిస్తే డిక్కీలో అనవసరంగా మోసే బరువు చిన్న విషయం. పెద్ద బండిలో 45 కిలోలు దించినా వచ్చే తేడా ఒక శాతం లోపే.

టైర్లలో గాలి తగ్గితే మైలేజీ తగ్గుతుందని అందరికీ తెలుసు, చూసుకునేవారే తక్కువ. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి 5 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే దాదాపు ఒక శాతం పోతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటుంది. టైరు మీద ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే. గాలి కొలవడం టైరు చల్లగా ఉన్నప్పుడే జరగాలి.

పెద్ద సైజు టైర్లు వేయించుకున్నవారికి మరో చిక్కు ఉంది. 265/65 ఆర్17 టైరు స్థానంలో 265/70 ఆర్17 (రెండో అంకె టైరు వెడల్పులో దాని పక్క ఎత్తు ఎంత శాతమో చెబుతుంది) వేస్తే టైరు వ్యాసం మూడున్నర శాతం దాకా పెరుగుతుంది. అంటే బండి నిజంగా వెళ్లిన దూరం కంటే ఓడోమీటర్ (దూరం చూపే మీటరు) తక్కువ చూపిస్తుంది. బరువైన టైర్ల వల్ల మైలేజీ కొంత తగ్గేది నిజమే, కానీ ఈ కొలత తేడాను సరిచూసుకోకుండా ఎంత తగ్గిందో చెప్పలేం. డాష్‌బోర్డు చూపే సగటును కూడా పూర్తిగా నమ్మకూడదు. ట్యాంకు నింపి, కొంత దూరం నడిపి, మళ్లీ నింపి, పట్టిన లీటర్లతో వంద కిలోమీటర్ల ఖర్చు కట్టుకోవాలి. ఒక్కసారి నింపిన లెక్కతో తీర్పు చెప్పకుండా నాలుగైదు ట్యాంకుల సగటు చూడటం మంచిది.

ఎయిర్ ఫిల్టరు మార్చగానే మైలేజీ పెరుగుతుందని సర్వీసింగ్‌లో తరచుగా చెబుతుంటారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రచురించిన పరీక్షల్లో, నేటి పెట్రోలు ఇంజెక్షన్ ఇంజన్లలో మూసుకుపోయిన ఫిల్టరు వల్ల వేగం అందుకోవడం మందగిస్తుందే తప్ప ఇంధన ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాదని తేలింది. ఇంజన్ రక్షణ కోసం దాన్ని మార్చాల్సిందే, మైలేజీ కోసం మాత్రం కాదు. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటు) ఉన్న బండ్లను పొడి తారురోడ్డు మీద టూ వీల్‌లోనే నడపాలి. లేకపోతే ఇంధనంతో పాటు గేరు భాగాలు కూడా అరుగుతాయి.

చివరగా పత్రికకు ఒక మాట. ఇంధన పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే బిళ్లలు, గాలిని సుడి తిప్పే రేకులు ఇరవై ముప్పై శాతం ఆదా చేస్తాయంటూ ప్రకటనలు వస్తుంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటివి వందకు పైగా పరిశీలించినా, మైలేజీని గణనీయంగా పెంచేది వాటిలో ఒక్కటీ కనిపించలేదు. వాటి మీద ఎక్కువ సొమ్ము పోసేది కూడా ఖర్చు భారం ఎక్కువగా ఉన్న పెద్ద బండ్ల యజమానులే. అటువంటి ప్రకటన తీసుకునే ముందు, స్వతంత్ర ప్రయోగశాల ఇచ్చిన పరీక్షా పత్రం చూపమని ప్రకటనకర్తను అడిగే నియమాన్ని మీ ప్రకటనల విభాగం పెట్టుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు